సూది దాటని గడప

సీతమ్మధార,
డిసెంబరు మొదటి వారం.

చి. చిలకమ్మను అన్నయ్య ఆశీర్వదించి వ్రాస్తున్న సంగతులు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో తేలిపోయే మాటలకు ఇన్ని కాగితాలెందుకని నీ కొడుకు సాయిశంకర్ నవ్వుతున్నాడని వ్రాశావు. నా చెవులు నాకంటె ఆలస్యంగా ఉద్యోగ విరమణ చేశాయని వాడికి చెప్పు. ఫోనులో ఎవరి గొంతైనా నాకు పిండిమర చప్పుడులాగే వినిపిస్తుంది. చెవికి యంత్రం పెట్టుకోమంటున్నారు. ఒక జీవితకాలం తరగతి గదిని కంటిచూపుతో నడిపినవాణ్ణి, ఇప్పుడు చెవిలో గుండీ పెట్టుకొని తిరగలేను. కాగితం మీది మాట నిలిచి ఉంటుంది, మళ్ళీ చదువుకోవచ్చు.

ఇక రాణి విషయం. కూనగా ఉన్నప్పుడు సూదులు వేయించాక ఇంట్లో పడి ఉండే కుక్కకు ఏటేటా మళ్ళీ ఎందుకని అడిగావు. ద్వారకానగర్‌లో తాను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ మెట్ల కింద దొరికిన ఆ కూనను నీ కోడలు ఒళ్ళో పెట్టుకొని వచ్చిననాడు, దగ్గరుండి మొదటి సూదులు వేయించినవాణ్ణి నేను. కనుక జవాబు చెప్పే బాధ్యతా నాదే. ఇక్కడి పశువైద్యురాలు డాక్టర్ కేథరిన్ గారిని అడిగి వ్రాస్తున్నాను. పిచ్చికుక్క జబ్బుకు టీకా ఏడాదికొకసారి వేయించాలి. మిగిలిన జబ్బులకు కలిపి వేసేది మరొకటి ఉంది. దానికీ గడువు ఏడాదే. నులిపురుగుల మందు మాత్రం మూడు నెలలకొకసారి. ఇవి కాక ఒంట్లో ఏమీ లేకపోయినా ఏడాదికొకమారు పళ్ళు, చెవులు, బరువు చూపించుకోవాలి. కిందటి తరగతి ఉత్తీర్ణుడనయ్యాను కనుక ఈ ఏడు పరీక్ష వ్రాయనన్న పిల్లవాణ్ణి ఏ బడి పై తరగతికి పంపింది?

పోయిన జనవరిలో అక్కడే వేయించానని నువ్వు చెప్పావు. అంటే ఈ జనవరికి మళ్ళీ గడువు. రాణిని ఇక్కడికి తీసుకొని రా. డాక్టరుగారితో మాట్లాడి ఉంచుతాను.

నీ ఉత్తరంలో 'అర్ధమయింది' అని ఉంది. అర్ధమంటే సగం. పూర్తిగా బోధపడినప్పుడు 'అర్థమయింది' అని వ్రాయాలి. నీ విషయంలో ఏది నిజమో జనవరిలో తేలుతుంది.

మీ అన్నయ్య
గురునాథరావు


కూర్మన్నపాలెం,
డిసెంబరు నెలాఖరు.

అన్నయ్యకు చిలకమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం శంకర్ అందరికీ వినిపించేలా చదివాడు. "ఏటమ్మా, కుక్కకి కూడా టైంటేబుల్ ఏసీసినాడేటి మావయ్య? తప్పితే మళ్ళీ సప్లిమెంటరీ ఎడతాడేటి?" అన్నాడు. కోడలు ఊరుకోలేదు. "ముందు మీకేయించాలి సూది. డ్యూటీ దిగొచ్చి ఊరికే కరిసేత్తన్నారు" అంది. మనవరాలు యశస్విని అయితే రాణి ముందు కూర్చుని నీలాగే కళ్ళజోడు ముక్కు కొసకి దించి, నీ ఉత్తరం మొత్తం దానికి పాఠం చెప్పింది. ఏడేళ్ళ పిల్ల, నీ గొంతు ఎక్కడ పట్టిందో.

రాణి బాగానే ఉంది. శంకర్ బండి చప్పుడు వీధి మలుపులో ఉండగానే గేటు దగ్గరికి పరిగెడుతుంది. పడుకునేది మాత్రం యశస్విని మంచం కిందే.

పోయిన జనవరిలో సూది వేయించాం కదా, నువ్వు బెంగ పెట్టుకోకు. ఈ జనవరిలో వీలు చూసుకుని తీసుకొస్తాను. ఇంకో సంగతి. కోడలికి మళ్ళీ నెల తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నీకే మొదట.

నాకు పూర్తిగా అర్థమయింది. ఒత్తు చూసుకో.

చెల్లెలు
చిలకమ్మ


సీతమ్మధార,
ఫిబ్రవరి.

చి. చిలకమ్మకు,

కోడలి శుభవార్తకు సంతోషించాను. కాని నువ్వు జనవరిలో రాలేదు. రాలేకపోయానని ఒక మాటా వ్రాయలేదు. నువ్వు వస్తావని నేను వైద్యశాల బల్ల మీద కుక్కలవారి మధ్య, పిల్లులవారి మధ్య ఒక ఉదయమంతా కూర్చున్నాను. "ఏరీ మాస్టారూ మీ రాణిగారు?" అని డాక్టర్ కేథరిన్ గారు అడిగితే వస్తున్నారని గుమ్మం వైపు చూపించాను.

ఆ ఉదయం ఒకటి చూశాను. వ్రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి వ్రాస్తున్నాను. మీ వైపు నుంచే ఒకాయన ఆటోలో ఒక కుక్కను తెచ్చాడు. అది కరవడం లేదు, గింజుకోవడం లేదు. దాని కింది దవడ వేలాడిపోయి ఉంది. నోరు మూయడం చేతకావడం లేదు. మొరగబోతే గాలి మాత్రం వస్తున్నది. డాక్టరుగారు మెట్లమీద నుంచే చూసి, ఎవరూ ముట్టుకోవద్దని మమ్మల్నందరినీ లోపలికి పంపించి తలుపు వేయించారు. కిటికీలోనుంచి కుక్కను తెచ్చినాయన మాట వినిపించింది. "టీకా ఏయించినామమ్మా, ఎప్పుడో" అంటున్నాడు. ఆ 'ఎప్పుడో' అన్నమాట అతడు మళ్ళీ మళ్ళీ అన్నాడు. నాకు వినబడేంత గట్టిగా అన్నాడు. మధ్యాహ్నానికి ఆ కుక్క లేదు.

అందుకని అడుగుతున్నాను. కిందటేడు జనవరిలో రాణికి వేయించిన మాట నిజమే కదా? ఒక్క మాట వ్రాయి. రాణిని వీధిలోకి వదలకు.

నీ అన్నయ్య


కూర్మన్నపాలెం,
మార్చి.

అన్నయ్యకు,

ఇంట్లోకి అమ్మ వచ్చింది. యశస్వినికి ముందు జ్వరం తగిలింది, తరవాత వీపు మీద, ఆ తరవాత ఒళ్ళంతా పోసింది. కడుపుతో ఉన్న కోడలు ఈ ఇంట్లో ఉండకూడదని సింహాచలం కొండ కింద వాళ్ళ పుట్టింటికి పంపాం. వేపమండలు గుమ్మానికి కట్టాను, పిల్ల పక్క మీద పరిచాను. ఇంట్లో తాలింపు లేదు. మా వీధి చివర అమ్మవారి గుళ్ళో దీపం పెట్టే పోతమ్మ రోజూ గేటు దాకా వచ్చి చల్ల ఇచ్చి వెళ్తోంది. మూడు నీళ్ళూ పోసి అమ్మను సాగనంపేవరకు పైవాళ్ళు గడప దాటకూడదు, అందుకని నువ్వు రావద్దు. పిల్ల భయపడే స్థితిలో లేదు. పొక్కులు కొన్ని చిట్లి నీరు కారుతున్నాయి, దురదకు ఏడుస్తోంది, అంతే.

రాణి సూది సంగతి అడిగావు. జనవరిలో రాకపోవడానికి కారణం ఉంది. నెలాఖరున గేటు సందులోంచి దూరి పోయి, ఏదో ఊరకుక్కతో దెబ్బలాడి మూతి చీరుకుని వచ్చింది. ఆ మూతితో తెస్తే మీ డాక్టరుగారి ముందు నీ పరువు పోతుందని మానేశాను. పసుపు పెడితే ఎంచక్కా మానిపోయింది. ఇప్పుడేమో సూది మాట ఎత్తడానికి లేదు. పోతమ్మను అడిగాను. "ఇంట్లో అమ్మున్నప్పుడు సూదేటే సిలకమ్మా? పిల్లకైనా కుక్కకైనా ఒకటే. ఆ ఇనుప మొన గడప దాటిందంటే తల్లి కోపం తట్టుకోగలవేటి?" అంది. కాబట్టి అమ్మ వెళ్ళాకే.

రాణికి పిల్ల మీద ఎంత ప్రేమో చూస్తే నీకు కళ్ళు చెమరుస్తాయి. మంచం దిగడం లేదు. చిట్లిన పొక్కులు నాకుతూ కూర్చుంటుంది. అది నాకితే దురద తగ్గుతోందట, "ఇక్కడ, ఇక్కడ" అని యశస్విని చెయ్యి చాపుతుంది. పిల్లకు బాగాలేదని బెంగేమో, రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు.

చిలకమ్మ


సీతమ్మధార,
మార్చి, ఉదయం.

చిలకమ్మా,

ఈ కాగితం తెస్తున్నవాడు అశోక్. మా కింది వాటాలో ఉంటాడు, ఉద్యోగం మీ వైపే. లోపలికి రాడు. గేటు దగ్గర నిలబడి నీ జవాబు తీసుకొని మాత్రమే కదులుతాడు.

నీ ఉత్తరం పట్టుకొని డాక్టర్ కేథరిన్ గారి దగ్గరకు వెళ్ళాను. రాణి పొక్కులు నాకుతున్నదని వ్రాసిన చోట ఆవిడ ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఆవిడ చెప్పినది చెప్పినట్టు వ్రాస్తున్నాను. పిచ్చికుక్క జబ్బు రావడానికి కుక్క కరవనక్కరలేదు. జబ్బు ఉన్న కుక్క ఉమ్మి పచ్చి పుండుకు తగిలితే కరిచినట్టే లెక్క. మనిషిలో అది బయటపడ్డాక దానికి ఏ దేశంలోనూ మందు లేదు. బయటపడకముందు మాత్రం ఉంది. పుండ్లలో వేసే సీరం, భుజానికి వేసే టీకా. రెండూ ఒకేనాడు మొదలుపెట్టాలి. ఆటలమ్మ ఉన్న ఒంటికి ఆ సూది నిషేధం కాదు.

రాణిని ఇప్పుడే వేరే గదిలో వేసి గడియ పెట్టు. దాని నోటి దగ్గర ఎవరూ చెయ్యి పెట్టవద్దు. పిల్ల పుండ్లు సబ్బుతో, ధారగా పోసిన నీటితో, ఓపికగా కడుగు. నీళ్ళు పోసే రోజు ఇంకా రాలేదంటావని తెలుసు. కడుగు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళు.

అశోక్ చేత శంకర్‌కు ఫోను చేయించాను. "మా అమ్మ ఊ అంటే ఈ నిమిషం ఎత్తుకెల్తాను బాబూ. అమ్మని కాదని నాను పిల్లని మంచం మీద నించి లేపలేను" అన్నాడట. వాళ్ళావిడకు ఏమీ చెప్పలేదట. కనుక నిర్ణయం నీ ఒక్కదాని చేతిలోనే ఉంది.

కిందటేడు జనవరిలో టీకా వేయించావా లేదా?

అన్నయ్య


కూర్మన్నపాలెం,
అదే రోజు.

అన్నయ్యా,

అశోక్ గేటు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

వేయించలేదు. పోయినేడు జనవరిలో రేపు మాపు అనుకుంటూ రోజులు గడిచిపోయాయి. నువ్వు అడిగావు, వేయించానని అనేశాను. బడిలో నీ బల్ల ముందు నిలబడి ఇంటిపని చెయ్యలేదని చెప్పిన పిల్లల మొహాలు నేను చూశాను. ఈ వయసులో నాకు ఆ మొహం వద్దనిపించింది. చిన్న అబద్ధం అనుకున్నాను.

రాణిని కట్టెల గదిలో పెట్టాం. నీ ఉత్తరం చూసి కాదు. నిన్నటి నుంచి అది మారిపోయింది. పిలిస్తే చూడదు. చూస్తే, నన్ను కాకుండా నా వెనక ఎవరినో చూస్తున్నట్టు చూస్తుంది. గొంతు బొంగురు పోయింది. నీళ్ళ గిన్నెలో మూతి పెడుతుంది, నీళ్ళు లోపలికి పోవు, నురగలా బయటికే వస్తాయి. గదిలోకి నెడుతుంటే నా మణికట్టు మీద పన్ను గీసుకుంది. రక్తం పెద్దగా రాలేదు. శంకర్‌కు చెప్పలేదు.

పిల్లను మాత్రం తీసుకెళ్ళలేను. నీకు కోపం వస్తుంది, రానీ.

నూకరత్నం పేరు నలభై ఏళ్ళుగా మన ఇద్దరి మధ్య రాలేదు. ఈ రోజు నేనే తెస్తున్నాను. నా బిడ్డకు అప్పటికి నాలుగేళ్ళు. ఒంటి నిండా అమ్మ. మా అత్తగారు వద్దంటుంటే, నువ్వు వచ్చి, చదువుకున్నవాడివి గనక ఎవరి మాటా వినకుండా, భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళావు. సూది వేశారు. పొద్దు గుంకకముందే పోయింది. బిడ్డను సూదికి ఇచ్చి చంపుకున్నానన్న చెట్టంత మాట మా అత్తగారు నా మీద వేసింది, నేను మోశాను. నిన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. కానీ అమ్మ ఉన్న ఇంటి బిడ్డను ఇంకోసారి సూదికి ఇవ్వలేను. గురువారం మూడో నీళ్ళు. ఆ తరవాత నువ్వు ఎక్కడికి తీసుకెళ్ళమంటే అక్కడికి.

చిలకమ్మ


సీతమ్మధార,
మర్నాడు, తెల్లవారగానే.

చిలకమ్మా,

గురువారం దాకా ఆగే జబ్బు కాదిది. ఈ కాగితంతో అశోక్ ముందు బయలుదేరుతున్నాడు, వెనక వేరే బండిలో నేను వస్తున్నాను. నీ ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పగల శక్తి నాకు లేదు. అందుకని నేను వచ్చేలోగా దీన్ని చదువు. కూర్చొని చదువు.

నూకరత్నం సూది వల్ల పోలేదు. ఆనాటి డాక్టరు పిల్ల కళ్ళు విప్పి చూసి, నన్ను పక్కకు పిలిచి, "మెదడుకు పాకిపోయింది, మొన్ననే తేవలసింది" అన్నారు. ఆ సూది బ్రతికించడానికి వేసింది కాదు. బాధ తగ్గడానికి వేశారు. బిడ్డ అప్పటికే వెళ్ళిపోతున్నది. నేను ఎత్తుకొనేసరికే నా భుజం మీద దాని తల నిలవడం లేదు.

ఆ మాట ఆనాడే నీకు చెప్పి ఉంటే, 'మొన్న' ఏమి జరిగిందని నువ్వు ఆలోచించేదానివి. మొన్న మీ అత్తగారు వద్దన్నారు. నువ్వు ఆగావు. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లకు ఆ లెక్క అప్పజెప్పడం నాకు చేతకాలేదు. సూదిని తిట్టుకొని బ్రతుకుతుందిలే అనుకొన్నాను. సూదితోపాటు నన్నూ తిట్టుకో అని వదిలేశాను. నీ ఊరట కోసం దాచిన ఆ నిజం ఇన్నేళ్ళూ నీ ఇంట్లో భయమై పెరిగి, ఈ రోజు యశస్విని మంచం పక్కన కూర్చున్నది. ఇక దాన్ని దాచలేను.

పోతమ్మ మాట నేను కాదనను. మీ గడప నేను దాటను. సూది కూడా దాటదు. గేటు అవతల బండిలో కూర్చొని ఉంటాను. పిల్లను నువ్వే ఎత్తుకొని, నీ కాళ్ళతో, గడప దాటించు. నీ మణికట్టు కూడా సబ్బుతో కడుగు. నీకూ వేయించాలి.

నువ్వు బయటికి రాకపోతే నేను పిలవను. అక్కడే కూర్చుంటాను.

అన్నయ్య


కూర్మన్నపాలెం,
ఏప్రిల్.

అన్నయ్యకు చిలకమ్మ నమస్కరించి రాస్తున్నది.

ఆ రోజు బండిలో నీ వైపు తిరిగి చూడలేదు. కోపం కాదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, దాని తల నా భుజం మీద నిలుస్తోందా లేదా అని దారి పొడుగునా చూస్తూ ఉన్నాను.

ఆసుపత్రిలో నువ్వు వరండాలో ఉన్నప్పుడు జరిగింది నీకు తెలియదు. సూది పట్టుకుని నర్సు యశస్విని దగ్గరికి వస్తుంటే నేను అడ్డం నిలబడ్డాను. "ముందు నాకెయ్యమ్మా" అన్నాను. "పిల్లకి వెయ్యనీమ్మా, పెద్దవాళ్ళు ఆగుతారు" అంది. "కాదు తల్లీ, కోపం ఎవరి మీదకి రావాలో ఆ మనిషి ముందు నిలబడాలి" అన్నాను. ఏమనుకుందో, నాకే ముందు వేసింది. కళ్ళు మూసుకుని, అమ్మా, గడప దాటించింది నేనే, చూసుకుంటే నన్ను చూసుకో అన్నాను. తరవాతే పిల్ల చెయ్యి పట్టుకున్నాను. పుండు పుండుకీ ఆ సీరం గుచ్చుతుంటే అది పెట్టిన కేకలు నీకు వినబడలేదు. ఆ ఒక్క రోజుకి నీ చెవులే నయం.

మేం ఇంటికి వచ్చేసరికి రాణి పోయింది. మున్సిపాలిటీ వాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని వచ్చి పట్టుకెళ్ళారు. కట్టెల గది కడిగించాం. తలుపుకి లోపలి వైపు, దాని ఎత్తులో, చెక్క అంతా గీరిపోయి ఉంది. యశస్వినికి రాణిని మీ డాక్టరుగారి దగ్గర ఉంచామని చెప్పాం. ఉత్తరం రాస్తానంటోంది. రాస్తే నీకు పంపుతాను, ఏం చేస్తావో చెయ్యి.

పోతమ్మ గేటు దాకా వచ్చి, "సూదేయించీసినావటే" అంది. అవునన్నాను. తెచ్చిన చల్ల తిరిగి పట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. కోడలు వచ్చింది. అన్నీ చెప్పాను, పోయినేడు జనవరితో సహా. నాతో మాట్లాడటం లేదు. వంట చేసి పెడితే తింటోంది, అంతవరకే.

నూకరత్నం సంగతి. ఒక పూట నువ్వు చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఇంకో పూట అప్పుడే చెప్పాల్సింది అనుకున్నాను. ఏ పూటా నీ మీద కోపం రాలేదు. 'మొన్న' ఏం జరిగిందో మాత్రం రోజూ గుర్తొస్తోంది. ఆ రోజు నేను పాలు కాచాను. చీర ఆరేశాను.

యశస్వినికి, నాకూ సూదులు ఒక్క గడువూ తప్పకుండా పడుతున్నాయి. ఆఖరిది ఒకటి మిగిలింది. పిల్ల మచ్చలు మానాయి. ఆసుపత్రిలో డాక్టరుని అడిగాను, ఇక భయం లేదా అని. టీకాతో చాలామంది గట్టెక్కుతారు, కానీ మనం ఎంత ఆలస్యంగా వచ్చామో ఎవరికీ తెలియదు కదా అన్నాడు. ఇంకా నెలలు చూడాలట. ఆ జబ్బే గనక వస్తే మొదట తెలిసేది నీళ్ళ దగ్గరట. గ్లాసు ఎత్తితే గొంతు పట్టేస్తుందట, గుక్క దిగదట.

అందుకని ఇంట్లో ఎవరు చెప్పినా నేను ఈ పని వదలడం లేదు. అది నీళ్ళడిగినప్పుడల్లా గ్లాసు నేనే ఇస్తున్నాను. ఎదురుగా కూర్చుంటాను. "ఏటి నానమ్మా అలా సూత్తన్నావ్?" అంటుంది. ఏమీ లేదు, తాగమ్మా అంటాను. దాని గొంతు కదిలేవరకు నా ప్రాణం నాలో ఉండదు.

పొద్దున్న తాగింది. బయట ఆడుకుంటోంది, ఎండగా ఉంది. దాహమని వచ్చే వేళయింది. ఉంటాను.

చిలకమ్మ